ఓటు ఎవరి సొత్తు? — బ్రిటన్‌లో 1868 నాటి ఎన్నిక

నేడు మనము ఓటు వేయుటకు పోయినప్పుడు ఒక అట్టచాటున నిలిచి, మనకు నచ్చిన గుర్తు కెదురుగా ఉన్న మీట నొక్కి వచ్చుచున్నాము. ఆ చాటున మనము చేసిన పని మనకు తప్ప మరొకరికి తెలియదు. ఇంటి యజమాని అడుగరాదు, కొలువిచ్చిన దొర అడుగరాదు, అప్పిచ్చిన షావుకారు అడుగరాదు. అడిగినను చెప్పవలసిన పని లేదు. ఆ కాస్త చాటు మనకెంత అలవాటైనదనగా, ఎన్నిక అనునది పుట్టిననాడే ఇదియు పుట్టినదని భావించుచుందుము. కాని పార్లమెంటులకు పుట్టినిల్లని పేరుపొందిన బ్రిటన్‌లోనే 1872 వరకు ఈ చాటు లేదు. అక్కడ ఓటరు పదిమంది ఎదుట నిలిచి, తాను ఎవరికి ఓటు వేయుచున్నాడో నోరు తెరచి చెప్పవలసి యుండెను.

ఆ పద్ధతిలో జరిగిన చివరి సార్వత్రిక ఎన్నిక 1868 నాటిది. విక్టోరియా రాణి పరిపాలన కాలమున, ఆ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో జరిగిన ఆ ఎన్నికను గూర్చి ఇక్కడ కొంత వివరింపదలచినాము. ఏ పక్షము గెలిచినది, ఎవరు ప్రధానమంత్రి అయిరి అను సంగతులు చరిత్ర పుస్తకములలో దొరకును. వానిని మేమును చెప్పెదము. కాని ముఖ్యముగా చెప్పదలచినది వేరు. మనిషికి ఓటు నిచ్చుట ఒక పని. ఆ ఓటు అతని సొంతమగునట్లు చూచుట మరియొక పని. మొదటి పని చేసి రెండవది చేయకున్నచో ఏమగునో ఆ ఎన్నిక ఎల్లరకును చూపినది.

ముందుగా ఓటు ఎవరికి ఉండెనో చూతము. 1832కు పూర్వము బ్రిటిష్ పార్లమెంటు నిర్మాణము మిక్కిలి విచిత్రముగా నుండెను. మాంచెస్టరు, బర్మింగుహాము వంటి పెద్ద పట్టణములకు ప్రత్యేకముగా ఒక్క సభ్యుడును లేడు. జనమంతయు వెడలిపోయి గడ్డి మొలచిన ఓల్డ్ సారమ్ అను పాటిదిబ్బకు మాత్రము ఇద్దరు సభ్యులు. 1832 నాటి సంస్కరణ చట్టము ఈ అన్యాయమును చాలవరకు తొలగించి మధ్యతరగతి వారికి ఓటు నిచ్చెను. అయినను చేతిపనులవారు, మిల్లు కూలీలు మొదలగువారిలో అత్యధికులు బయటనే మిగిలిరి. 1838లో ‘ప్రజల చార్టరు’ను ప్రకటించిన కార్మికులు ఆరు కోరికలు కోరిరి. వయోజనులైన పురుషులందరకు ఓటు వానిలో ఒకటి. రహస్యముగా ఓటు వేయు ఏర్పాటు మరియొకటి. ఆ రెండును ఒకదానికొకటి తోడు కావలెనని ఆ పేదవారికి అప్పుడే తెలియును. లక్షలాది సంతకములతో వారు పంపుకొన్న మహజర్లను పార్లమెంటు త్రోసిపుచ్చినది.

మరి ముప్పదియేండ్లకు, 1867లో, రెండవ సంస్కరణ చట్టము వచ్చినది. దీనిని తెచ్చినవారు మార్పును ఇష్టపడరని పేరుపడిన కన్సర్వేటివు పక్షమువారే. సభలో దానిని నడిపించినవాడు బెంజమిన్ డిజ్రేలీ. ఈ చట్టము వలన పట్టణములలో సొంత కాపురముండి స్థానిక పన్నులు చెల్లించు ప్రతి గృహస్థునికి ఓటు లభించినది. ఏడాదికి పది పౌనుల అద్దె యిచ్చి గదులలో నుండువారికి కూడ లభించినది. అంతకు పూర్వము ఓటర్లు సుమారు 13 లక్షల 60 వేల మంది కాగా, 1868 నాటికి వారి సంఖ్య 24 లక్షలు దాటెను. దేశజనాభా అప్పటికి సుమారు మూడు కోట్లు. అనగా పండ్రెండుగురిలో ఒకరికి ఓటు. పల్లెలలోని వ్యవసాయ కూలీలకు లేదు. వారు 1884 వరకు వేచియుండవలసి వచ్చెను. స్త్రీలకు అసలే లేదు. 1867 నవంబరులో లిల్లీ మాక్స్‌వెల్ అను దుకాణదారురాలి పేరు మాంచెస్టరు జాబితాలో పొరపాటున చేరగా, ఆమె ఉప ఎన్నికలో ధైర్యముగా ఓటు వేసి వచ్చినది. అది చూచి వేలాది స్త్రీలు తమ పేర్లను కూడ చేర్పుడని కోరిరి. కాని 1868 నవంబరులో న్యాయస్థానము, స్త్రీలకు పార్లమెంటు ఓటు లేదని తీర్పు చెప్పి ఆ దారిని మూసివేసెను.

ఇక ఓటు వేయు తీరు. ఊరి నడుమ బల్లలతో ఒక ఎత్తైన వేదిక కట్టుదురు. దానిని ‘హస్టింగ్స్’ అందురు. నిర్ణీతదినమున అభ్యర్థులు, వారి పేరు ప్రతిపాదించువారు, బలపరచువారు దానిమీదికి ఎక్కుదురు. క్రింద జనసమూహము. ఓటున్నవారు, లేనివారు, పిల్లలు, తాగి వచ్చినవారు అందరును అక్కడనే. ఉపన్యాసములు సాగుచుండగా ఈలలు, కేకలు, ఒక్కొక్కప్పుడు కుళ్లిన కూరగాయలును పైకి వచ్చుచుండును. పిమ్మట ఎన్నికల అధికారి చేతులెత్తుడని కోరును. ఎవరికి ఎక్కువ చేతులు లేచినవో వారు గెలిచినట్లు ప్రకటించును. ఓడినవారు దానిని అంగీకరింపక ‘పోలు’ జరుపవలెనని కోరుదురు. అసలు ఎన్నిక అప్పుడు మొదలగును.

పోలు దినమున ఓటరు బూత్‌నకు వచ్చి తన పేరు చెప్పును. గుమాస్తా జాబితా చూచి, “ఎవరికి?” అని అడుగును. ఓటరు అభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పును. గుమాస్తా దానిని పుస్తకములో వ్రాసికొనును. ఇరుపక్షముల ఏజెంట్లు ప్రక్కనే కూర్చుండి తమ పుస్తకములలోను వ్రాసికొందురు. గంటగంటకు ఎవరికెన్ని ఓట్లు పడినవో బయట ప్రకటించుచుందురు. పోటీ బిగిసిన చోట్ల, సాయంకాలము దగ్గర పడినకొలది ఓటు వెల పెరుగుచుండును. అందుచేత కొందరు ఓటర్లు మధ్యాహ్నము దాటువరకు ఇల్లు కదలరు! ఎన్నిక ముగిసిన తరువాత అనేక చోట్ల ఆ ఓట్ల పుస్తకములను అచ్చువేసి అమ్ముట కూడ కలదు. ఏ వీధిలో ఏ దర్జీ ఎవరికి ఓటు వేసెనో నాలుగు కాసులిచ్చి ఎవరైనను తెలిసికొనవచ్చును. ఆ దినములనాటి ఎన్నికల సందడిని చార్లెస్ డికెన్స్ 1836–37లో వెలువడిన తన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో హాస్యముగా చిత్రించినాడు. చదువునప్పుడు మనకు నవ్వు వచ్చును. కాని ఆ వేదిక ముందు నిలిచిన పేద ఓటరునకు నవ్వు వచ్చుట కష్టము.

ఏలయన, అతని మాట వినుచున్నవారు ఎవరో ఆలోచింపుడు. పల్లెలో భూస్వామి తరపు గుమాస్తా వినుచున్నాడు. ఓటరు కౌలు ఏడాదికొకసారి తిరుగవ్రాయించుకొనవలసినది. పట్టణములో మిల్లు యజమాని మనిషి వినుచున్నాడు. ఓటరు కూలి వారమునకు వారము ముట్టవలసినది. చిల్లర దుకాణదారునకు ఇరుపక్షముల వారును ఖాతాదారులే. ఎవరికి ఓటు వేసినను సగము బేరము పోవును. వీరెవరును కత్తి చూపనక్కర లేదు, ఒక మాట అననక్కర లేదు. పుస్తకములో పేరు ఎక్కిన చాలును.

మరి ఇంత స్పష్టమైన కీడును తెలివిగల జాతి అంతకాలము ఎందుకు సహించినది? బహిరంగపు ఓటును సమర్థించినవారందరును దుర్మార్గులు కారు. వారి వాదము వినదగినదే. ఓటు అనునది సొంత ఆస్తి కాదు, దేశము అప్పగించిన ధర్మము. ఓటున్నవాడు ఓటు లేనివారి తరపున కూడ దానిని వినియోగించుచున్నాడు. కనుక అతడు దానిని ఎట్లు వినియోగించెనో పదిమందియు చూడవలెను అని వారు చెప్పుచుండిరి. చాటుగా చేయు పనిలో స్వార్థము, లంచము, మాటతప్పుట దాగియుండునని వారి భయము. జాన్ స్టూవర్ట్ మిల్ వంటి మహాతత్త్వవేత్త ఈ వాదమునకు తన బలమునంతయు ఇచ్చెను. యౌవనమున రహస్య ఓటును కోరినవాడే అయినను, 1861లో ప్రాతినిధ్య ప్రభుత్వమును గూర్చి వ్రాసిన గ్రంథములో దానిని కాదనెను. భూస్వాముల, యజమానుల బెదిరింపు నానాటికి తగ్గిపోవుచున్నదని, ఇక భయపడవలసినది ఓటరుయొక్క స్వార్థమునకే అని అతని అభిప్రాయము. పామర్‌స్టన్ ప్రభువు మొదలగు రాజకీయవేత్తలు ఇంకొక మెట్టు పైకిపోయి, చాటుగా ఓటు వేయుట మగతనము కాదనియు, ఆంగ్లేయ స్వభావమునకు తగదనియు చెప్పుచుండిరి.

రెండవ వైపున నిలిచినవారిలో జార్జి గ్రోట్ ముఖ్యుడు. ఇతడు బ్యాంకు వ్యాపారి. గ్రీసు దేశచరిత్రకారుడుగా పేరుపొందినవాడు. 1833 నుండి 1839 వరకు కామన్స్ సభలో రహస్య ఓటుకై తీర్మానములు తెచ్చి, తెచ్చిన ప్రతిసారియు ఓడెను. అతని తరువాత ఇతరులు ఆ పనిని సాగించి వారును ఓడుచుండిరి. ఇంతలో సముద్రముల కావలనున్న ఆస్ట్రేలియాలో, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా మొదలగు వలస రాజ్యములు 1856లోనే ఆ పద్ధతిని ప్రవేశపెట్టెను. ప్రభుత్వమే ఓటుపత్రములను అచ్చువేయించి, బూత్‌లోనే ఇచ్చి, చాటున గుర్తు పెట్టించి, పెట్టెలో వేయించు ఏర్పాటది. ఆకాశము విరిగి పడలేదు. మాతృదేశము మాత్రము ఇంకను చర్చించుచునే యుండెను.

ఇట్టి స్థితిలో 1868 ఎన్నిక వచ్చినది. ఆ యేడు ఫిబ్రవరిలో డర్బీ ప్రభువు విరమింపగా డిజ్రేలీ ప్రధానమంత్రి అయ్యెను. లిబరలు పక్షమునకు నాయకుడు విలియం గ్లాడ్‌స్టన్. ఎన్నికలోని ప్రధానవిషయము ఐర్లండులోని చర్చి. ఆ దేశ ప్రజలలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా రోమన్ కాథలిక్కులు. ప్రభుత్వపు చర్చి మాత్రము ఆంగ్లికను మతమువారిది. దానికి చెందినవారు సుమారు ఎనిమిదింట ఒక వంతు మాత్రమే. ఆ కొద్దిమంది చర్చికి రాజ్యము అండగా నుండుట అన్యాయమనియు, ఆ సంబంధమును త్రెంచవలెననియు గ్లాడ్‌స్టన్ వాదించెను. క్రొత్తగా ఓటు వచ్చిన పట్టణ కార్మికులు తమకు ఓటిచ్చిన డిజ్రేలీని మెచ్చుకొందురని కొందరు తలచిరి. ఫలితము వేరుగా వచ్చెను. 658 స్థానములలో లిబరల్స్‌కు సుమారు 387, కన్సర్వేటివులకు 271 వచ్చినవి. డిజ్రేలీ క్రొత్త సభను ఎదుర్కొనకయే రాజీనామా నిచ్చెను. ఎన్నికల తీర్పును చూచి అట్లు తప్పుకొన్న మొదటి ప్రధాని అతడే. గ్లాడ్‌స్టన్ ప్రధానమంత్రి అయ్యెను. వింత ఏమనగా, విజయము సాధించిన ఆ నాయకుడే నైరుతి లాంకషైరులో ఓడి, గ్రీనిచ్ స్థానమునుండి సభలో ప్రవేశింపవలసి వచ్చెను. వెస్టుమినిస్టరులో జాన్ స్టూవర్ట్ మిల్ కూడ ఓడెను. అతనిని ఓడించినవాడు రైలుస్టేషనులలో పుస్తకాల దుకాణములు నడపు డబ్ల్యు. హెచ్. స్మిత్.

ఇది అంకెల కథ. ఆ అంకెల క్రింద మూడు ఊళ్లలో, మూడు తావులలో జరిగినది చూతము.

మొదటిది వేల్సు దేశము. అక్కడి పల్లెవాసులలో అధికసంఖ్యాకులు ప్రభుత్వ చర్చిలో చేరక, తమ తమ ప్రార్థనామందిరములకు పోవువారు. వెల్షు భాష మాటాడువారు. భూస్వాములు ఆంగ్లికను మతస్థులు; పెక్కురు ఇంగ్లీషే మాటాడువారు; కన్సర్వేటివులు. భూస్వామి ఎటు ఓటు వేయుమన్న అటు కౌలుదారులందరు వేయుట అక్కడ తరతరాల వాడుక. 1868లో ఆ వాడుక తెగినది. మెర్థర్ టిడ్‌విల్ నియోజకవర్గములో హెన్రీ రిచర్డ్ అను శాంతివాది అందరికంటె ఎక్కువ ఓట్లతో గెలిచెను. కార్డిగాన్‌షైరు, కార్మార్థెన్‌షైరు జిల్లాలలో కౌలుదారులు అనేకులు భూస్వాములకు ఎదురుగా లిబరల్ అభ్యర్థులకు ఓటు వేసిరి. వేసిన ఓటు పుస్తకములో నున్నది. ఎన్నిక ముగిసిన పిమ్మట పొలము ఖాళీ చేయుడను నోటీసులు వచ్చెను. తాతలనాటినుండి దున్నుకొనుచున్న భూములను, కట్టుకొన్న ఇండ్లను విడిచి పదులకొలది కుటుంబములు పోవలసి వచ్చినది. చట్టము దృష్టిలో భూస్వామి చేసిన తప్పేమియు లేదు. కౌలు గడువు తీరినది, అంతే. వారి సాయమునకై వేల్సులో చందాలు పోగుచేసిరి. 1869 జులైలో హెన్రీ రిచర్డ్ కామన్స్ సభలో లేచి ఈ ఉదంతమును చదివి వినిపించెను. భూస్వాముల ఒత్తిడి తగ్గిపోవుచున్నదన్న మిల్ వాదమునకు ఇంతకంటె గట్టి సమాధానము అవసరము లేకపోయెను.

రెండవది బ్లాక్‌బర్న్. ఇది లాంకషైరులోని నూలుమిల్లుల పట్టణము. అచ్చట గెలిచిన ఇద్దరు కన్సర్వేటివు సభ్యుల ఎన్నికను 1869లో న్యాయమూర్తి రద్దుచేసెను. కార్మికులను రాజకీయ కారణములచే పనినుండి తొలగించి బెదిరించుట జరిగినదని తేలినది. పిమ్మట జరిగిన ఉప ఎన్నికలో ఎవరు గెలిచిరనుకొందురు? పదవి పోయిన ఆ ఇద్దరి కుమారులే! తీర్పు మనుషులను మార్చినది గాని, బహిరంగముగా ఓటు చెప్పవలసిన పద్ధతిని మార్చలేదు గదా!

మూడవది యార్కుషైరులోని బెవర్లీ. అక్కడి వ్యాధి భయము కాదు, లంచము. ప్రసిద్ధ నవలాకారుడు ఆంథొనీ ట్రాలొప్ లిబరల్ అభ్యర్థిగా అక్కడ పోటీచేసి నలుగురిలో చివరివాడుగా ఓడెను. ఆ ఎన్నికల ప్రచారములో గడపిన పక్షము రోజుల వంటి దుర్భరమైన కాలము తనకు మరి లేదని పిమ్మట స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. గెలిచినవారి ఎన్నికను న్యాయమూర్తి రద్దుచేయగా, విచారణసంఘము వచ్చి చూచి, ఓటు అమ్ముకొనుట ఆ ఊరిలో చిరకాలపు ఆచారమని తేల్చెను. 1870లో పార్లమెంటు బెవర్లీకి ప్రత్యేక సభ్యత్వమునే తీసివేసెను. బహిరంగపు ఓటు లంచమును ఆపుననుట ఎంత నిజమో ఇందువలన తెలియుచున్నది. ఆపుట అటుండగా, అదియే లంచమునకు రశీదు. డబ్బు ఇచ్చినవాడు బూత్ ప్రక్కన నిలిచి, కొన్న సరకు తనకు చేరినదో లేదో చెవులారా వినగలుగుచున్నాడు.

ఈ సంగతులన్నిటిని విచారించుటకు 1869లో హార్టింగ్టన్ ప్రభువు అధ్యక్షతన కామన్స్ సభవారు ఒక సంఘమును ఏర్పరచిరి. గ్లాడ్‌స్టన్ స్వయముగా రహస్య ఓటుకు చిరకాలము వ్యతిరేకి. అయినను కొద్దిమంది ధనవంతులకు ఓటున్న దినములలో చెప్పిన ‘ధర్మకర్త’ వాదము, ఇంటింటి గృహస్థునికి ఓటు వచ్చిన పిమ్మట నిలువదని అతడు గ్రహించెను. రహస్య ఓటును ఎడతెగక కోరుచు వచ్చిన జాన్ బ్రైట్ అతని మంత్రివర్గములో నుండెను. 1871లో బిల్లు కామన్స్ సభ దాటి పోగా, ప్రభువుల సభ దానిని త్రోసివేసెను. మరుసటి యేడు విద్యాశాఖ చూచుచున్న ఫార్‌స్టర్ దానిని మరల నడిపించెను. ఇష్టమున్నవారే రహస్యముగా ఓటు వేయవచ్చునని ప్రభువులు సవరణ తెచ్చిరి. అట్టి సవరణ వలన రహస్యమే మిగులదు. చాటునకు పోయినవాడు తన యజమానికి ఎదురుగా పోయినాడని అందరికి తెలిసిపోవును గదా! తుదకు ప్రభువులు తగ్గిరి. 1872 జులై 18న బ్యాలెటు చట్టము అమలునకు వచ్చెను. నమ్మకము చాలక దానికి 1880 వరకే ఆయుర్దాయ మిచ్చిరి. పిమ్మట ఏటేట పొడిగించుచు వచ్చిరి. 1918లోగాని అది శాశ్వతము కాలేదు.

ఆ చట్టము ఏర్పరచిన విధానము మనకు సుపరిచితమే. హస్టింగ్స్ వేదిక పోయి, అభ్యర్థుల పేర్లను కాగితముపై వ్రాసియిచ్చు పద్ధతి వచ్చెను. ఓటరునకు అచ్చు ఓటుపత్రము ఇత్తురు. అతడు చాటునకు పోయి తనకు నచ్చిన పేరుకెదురుగా అడ్డుగీత, నిలువుగీత కలిపి గుర్తుపెట్టి, మడచి, తాళము వేసిన పెట్టెలో వేయును. చదువురాని వారికి అధికారి తోడ్పడును. పత్రము వెనుక ఒక సంఖ్య, దాని మొదలుచీటి మీద అదే సంఖ్య ఉండును. మోసము జరిగినదని న్యాయస్థానము నమ్మినప్పుడు మాత్రమే ఆ రెంటిని కలిపి చూడవచ్చును. పూర్ణరహస్యమునకును, మోసమును పట్టుకొనవలసిన అవసరమునకును నడుమ చేసికొన్న రాజీ ఇది.

చట్టము వచ్చిన నెల తిరుగకముందే, 1872 ఆగస్టు 15న, యార్కుషైరులోని పాంటిఫ్రాక్ట్ పట్టణములో దానికి తొలిపరీక్ష జరిగెను. మంత్రిపదవి స్వీకరించిన హ్యూ చైల్డర్స్ ఆనాటి నియమము ప్రకారము మరల ఎన్నిక కావలసి యుండెను. ఆ ఊరు అతిమధురపు బిళ్లలకు పేరుపొందినది. ఓటుపెట్టెకు లక్కముద్ర వేయుటకు ఆ మిఠాయి బిళ్లలమీద కొట్టు ముద్రనే వాడిరి. ఆ పెట్టె నేటికిని ఆ ఊరి మ్యూజియములో నున్నది. కేకలు లేవు, గంటగంటకు అంకెలు లేవు, వీధులలో త్రాగి తూలువారును మునుపటివలె లేరు. చూడవచ్చినవారికి ఇది ఎన్నిక వలెనే తోచలేదట. చైల్డర్స్ గెలిచెను. కాని అతనిని గెలిపించినవారెవరో పేరుపేరున చెప్పగలవాడు ఆ ఊర ఒక్కడును లేడు. ఎన్నడును లేని ఆ తెలియమియే అసలు విజయము.

దీని ఫలములను అతిగా పొగడుట మాకు ఇష్టము లేదు. రహస్యముగా ఓట్లు పడిన తొలి సార్వత్రిక ఎన్నిక 1874లో జరిగెను. దానిని తెచ్చిన గ్లాడ్‌స్టన్ పక్షమే అందులో ఓడెను! ఐర్లండులో మాత్రము మార్పు కొట్టవచ్చినట్లు కనబడెను. స్వపరిపాలన కోరువారు అక్కడ సుమారు 60 స్థానములను గెలుచుకొనిరి. భూస్వామి భయమునుండి కౌలుదారు తప్పుకొనుటకు ఈ చాటు ఎంతో తోడ్పడినది. లంచము మాత్రము వెంటనే చావలేదు. 1880 ఎన్నికలలో మరల విచ్చలవిడిగా డబ్బు ప్రవహించినది. అభ్యర్థి చేయదగిన వ్యయమునకు హద్దు ఏర్పరచి, లంచమునకు కఠినశిక్షలు విధించిన 1883 చట్టము వచ్చిన తరువాతనే అది తగ్గుముఖము పట్టెను. అనగా ఒక్క చట్టముతో ఎన్నిక శుద్ధి కాదు. ఓటు హక్కు, ఓటు రహస్యము, వ్యయనియమము అను మూడును కలిసి పనిచేయవలెను. స్త్రీలకు ఓటు 1918లో కొంత, 1928లో పురుషులతో సమానముగ వచ్చుటకు ఇంకెంతో పోరాటము జరుగవలసి యుండెను.

ఈ చట్టపు నీడలోనే 1892లో మన దాదాభాయి నౌరోజీ లండనులోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గమునుండి కామన్స్ సభకు ఎన్నికయ్యెను. అతని ఆధిక్యము వ్రేళ్లమీద లెక్కింపదగినంత స్వల్పము. ఒక భారతీయునికి ఓటు వేసిన ఆ లండను గృహస్థులలో ఎవరును తమ ఓటును గూర్చి ఎవరికిని జవాబు చెప్పుకొనవలసిన అవసరము రాలేదు.

మన దేశమున 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో వయోజనులందరకు ఓటును, ఓటు రహస్యమును ఒక్కమారే లభించినవి. బ్రిటన్‌లో వీని నడుమ పెద్ద ఎడబాటుండెను. అక్షరములు రాని కోట్లమంది కొరకు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించి, చాటున నుంచిరి. పిమ్మట ముద్ర వేయు పత్రములు, ఆ పిమ్మట యంత్రములు వచ్చినవి. పరికరము మారినది; చాటు మారలేదు. తాను ఎవరికి ఓటు వేసెనో చెప్పుమని ఏ ఓటరును నిర్బంధింపరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

మరి ఓటు ఒక ధర్మమన్న మిల్ మాట పూర్తిగా వ్యర్థమేనా? కాదని మా అభిప్రాయము. ఆ మాట వర్తించు చోటు వేరు. బ్రిటిష్ కామన్స్ సభలో ఏ సభ్యుడు ఏ తీర్మానమునకు ఎటు ఓటు వేసెనో తెలుపు జాబితాలను 1836 నుండి అధికారికముగా ప్రకటించుచున్నారు. అది న్యాయము, సభ్యుడు మన తరపున పోయినవాడు, మనకు లెక్క చెప్పవలసినవాడు. మన దేశములోను రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యులు తమ ఓటుపత్రమును తమ పక్షపు ఏజెంటునకు చూపి వేయవలెనని 2003లో నియమము చేసిరి. అది తగునా తగదా అను వాదము జరిగి, సుప్రీంకోర్టు దానిని 2006లో సమర్థించెను. ప్రతినిధి ఓటు బయటపడవచ్చును. కాని ఓటరు ఎవరి ప్రతినిధియు కాడు. ప్రతినిధులను పుట్టించువాడు అతడే. అతడు ఎవరికిని లెక్క చెప్పవలసినవాడు కాడు.

1868లో కార్డిగాన్‌షైరు కౌలుదారునకు ఓటు ఉన్నది, జాబితాలో పేరున్నది, బూత్‌కు పోవు దారియు ఉన్నది. లేనిది ఒక్క చాటు మాత్రమే. ఆ లోటునకు అతడు ఇల్లును, పొలమును చెల్లించుకొనెను. ఈసారి ఎన్నికలలో ఎవరైనను మన ఇంటికి వచ్చి, ఏ గుర్తుకు ఓటు వేసితివని అధికారముతో అడిగినచో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేని హక్కు ఎంత వెల పెట్టి కొన్నదో మనము తలచుకొనవలెను.